డ్రాయింగ్ పీరియడ్ తీసేశారు, ఎంఈఓ గారికి చూపించడానికి పరిశోధనలు కావాలి

అరటితోట | గురువారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది కోనసీమ. ఊరి జడ్పీ హైస్కూల్లో మా అమ్మాయి ఏడో తరగతి, నేను పేరెంట్స్ కమిటీ సభ్యురాలిని. మా బళ్లో డ్రాయింగ్ చెప్పే పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ వేరే మండలానికి వెళ్లిపోయారు. ఆయన స్థానంలో ఇంతవరకు ఎవరూ రాలేదు. ఈమధ్య టైమ్‌టేబుల్ మార్చి, డ్రాయింగ్‌కి ఉన్న రెండు పీరియడ్లూ తీసేశారు. ఒకటి లెక్కలకి, ఒకటి ఇంగ్లీషుకి ఇచ్చారు.

హెచ్‌ఎం గారిని అడిగితే "మనిషే లేనప్పుడు పీరియడ్ ఎందుకమ్మా?" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. అందుకే కమిటీ మీటింగ్‌లో తీర్మానం చేయించి, ఎంఈఓ గారికి వినతిపత్రం ఇద్దామని మేం నలుగురు తల్లులం అనుకున్నాం. "పిల్లలకి ఇష్టమండీ" అంటే ఎవరూ వినరు. పరిశోధనలు చూపిస్తే వింటారేమో. నేను రాసిన చిత్తు ఇదీ:

"సంగీతం వింటే పిల్లల తెలివితేటలు పెరుగుతాయని, చిత్రలేఖనం నేర్చుకుంటే కుడి మెదడు చురుగ్గా పనిచేసి లెక్కల్లో ఎక్కువ మార్కులు వస్తాయని అమెరికా శాస్త్రవేత్తలు నిరూపించారు. కాబట్టి పదో తరగతి ఫలితాలు మెరుగవడానికైనా డ్రాయింగ్ పీరియడ్లు తిరిగి పెట్టవలసిందిగా కోరుతున్నాము."

ఇందులో ఇంకేం కలపాలో చెప్పండి.

మియాపూర్_అమ్మ | 9:34

మీకు కనీసం తీసేశారని తెలిసింది. మా బాబు చదివే ప్రైవేటు బళ్లో టైమ్‌టేబుల్ మీద ఆర్ట్ అని అలాగే ఉంటుంది, ఆ గంటలో ఐఐటీ ఫౌండేషన్ పుస్తకం చేయిస్తారు. డైరీ చూస్తే అంతా పద్ధతిగానే ఉంటుంది. ఇవ్వండక్కా, గట్టిగా ఇవ్వండి.

సాంపిల్‌సైజ్ | 10:20

మేడమ్, ఉద్దేశం మంచిది. కానీ ఆ చిత్తు అలాగే వెళ్తే, నెట్‌లో వెతకడం వచ్చిన ఏ అధికారైనా రెండు నిమిషాల్లో కొట్టిపారేస్తారు. నేను చేసేది గణాంకాల పనే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, విసుక్కోకండి.

సంగీతం వింటే తెలివి పెరుగుతుందన్న మాట 1993లో నేచర్ పత్రికలో వచ్చిన ఓ చిన్న ప్రయోగం నుంచి పుట్టింది. అందులో పాల్గొన్నది 36 మంది కాలేజీ విద్యార్థులు. పది నిమిషాలు మొజార్ట్ సంగీతం వినిపించి, కాగితం మడిచి కత్తిరిస్తే విప్పాక ఎలా ఉంటుంది అన్న తరహా ప్రశ్నలు ఇచ్చారు. కాస్త మెరుగ్గా చేశారు. పావుగంట గడిచేసరికి ఆ మెరుగు పోయింది. అంతే సంగతి. బడి పిల్లలు లేరు, ఎవరూ ఏ వాయిద్యమూ నేర్చుకోలేదు. ఇది పత్రికలకెక్కి ఎంత దూరం వెళ్లిందంటే, 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నర్ జెల్ మిల్లర్ పుట్టిన ప్రతి బిడ్డకీ శాస్త్రీయ సంగీతం క్యాసెట్టో సీడీయో ఇస్తామని బడ్జెట్లో 1,05,000 డాలర్లు అడిగారు. తర్వాత ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్క కట్టినవాళ్లకి ప్రత్యేకమైన ప్రభావం ఏమీ కనబడలేదు. మన చేతికి వచ్చేసరికి అదే "శాస్త్రవేత్తలు నిరూపించారు" అయింది.

కుడి మెదడు కళలకి, ఎడమ మెదడు లెక్కలకి అన్నది అసలు నిలబడే మాటే కాదు. అది కొట్టేయండి.

ఇక కళలు నేర్చుకునే పిల్లలకి మార్కులు ఎక్కువ. ఇది అబద్ధం కాదు. అమెరికాలో హైస్కూలు నాలుగేళ్లూ ఆర్ట్స్ తీసుకున్న పిల్లలకి శాట్ (అక్కడ కాలేజీలో చేరడానికి రాసే పరీక్ష) స్కోర్లు ఎక్కువగా ఉంటాయి. మన దగ్గర కూచిపూడి నేర్చుకునే అమ్మాయిలు చాలామంది క్లాసులో ముందుంటారు. కానీ డాన్స్ క్లాసుకి ఎవరు పంపుతారు? ఫీజు కట్టగలిగినవాళ్లు, సాయంత్రం దింపి తీసుకురావడానికి ఇంట్లో మనిషి ఉన్నవాళ్లు. ఆ ఇళ్లలో పిల్లలు డాన్స్ మానేసినా చదువుతారు. నాట్యం వల్ల మార్కులు వచ్చాయా, ఇంటి వల్ల వచ్చాయా అనేది తేలాలంటే లాటరీ వేసి కొంతమందికి నేర్పి, కొంతమందికి నేర్పకుండా చూడాలి. అలా చేసినవి ఉన్నాయి, రేపు రాస్తాను.

లెక్కలసారు | 10:48

నేను ఈ బడి కాదు గానీ, ఇలా డ్రాయింగ్ పీరియడ్లు పుచ్చుకున్న లెక్కల టీచర్లలో నేనూ ఒకణ్ని. కాబట్టి అవతలి పక్షం మాట కూడా వినండి.

పల్లె పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే ఏసర్ 2022 సర్వేలో దేశం మొత్తం మీద పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 42.8 శాతం. మిగతావాళ్లూ ఆరో తరగతికి వస్తారు కదా? మా దగ్గరికే వస్తారు. భాగహారం రాని పిల్లాడికి నేను బీజగణితం చెప్పాలి. పదో తరగతి రిజల్ట్ పడిపోతే రివ్యూ మీటింగ్‌లో నిలబెట్టి అడిగేది నన్ను, డ్రాయింగ్ మాస్టార్ని కాదు. కళల మీద నాకేం కోపం లేదు. పీరియడ్లు ఎనిమిదే, ఎక్కణ్నుంచి తేవాలి?

తోలుబొమ్మ | 11:15

లెక్కలు నేర్చుకుంటే బొమ్మలు బాగా వేస్తారా అని ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? డ్రాయింగ్ మాత్రం లెక్కల మార్కులు తెస్తేనే బళ్లో ఉండాలి. ఇదేం లెక్క సార్?

మాది ధర్మవరం. పక్కనే నిమ్మలకుంట. మేకతోలు చెక్కి, రంగులద్ది రామాయణం ఆడించే ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ చేతిపనిలో ఎంత చదువుందో హ్యూస్టన్ వాళ్లో హార్వర్డ్ వాళ్లో వచ్చి చెప్పాలా? పరిశోధన కాగితాల కోసం దేశాలు పట్టుకు తిరగడం దేనికి? కళ కళ కోసమే ఉండాలని సూటిగా రాసిపారేయండి.

కుంచె | శుక్రవారం ఉదయం 6:50

డ్రాయింగ్ హయ్యర్ గ్రేడ్ పరీక్ష పాసై, టీటీసీ టీచర్ ట్రైనింగ్ చేసి, పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తున్నాను. జిల్లా చెప్పను. మా ఉద్యోగం సంగతి మొదట చెప్పాలి. ఏటేటా రెన్యూవల్ టెన్షన్. అధికారులు విజిట్‌కి వస్తున్నారంటే చార్టులు రాయడానికి, ఆగస్టు 15కి ముగ్గు వేయించడానికి, సన్మానపత్రం మీద అక్షరాలు దిద్దడానికి డ్రాయింగ్ మాస్టారు కావాలి. పిల్లలకి క్లాసు చెప్పడానికి మాత్రం అక్కర్లేదు. ఎవరైనా సెలవు పెడితే ఆ క్లాసుకి నన్నే పంపుతారు.

లెక్కలసారు గారికి ఒక్క క్లాసు సంగతి చెప్తాను. ఎనిమిదో తరగతి పిల్లల్ని అరటిచెట్టు వేయమన్నాను. అందరూ ఒకేలా వేశారు. నున్నటి ఆకులు, మధ్యలో గీత, పైన గెల. కేలండర్లో బొమ్మలా ఉన్నాయి. అందరినీ లేపి బడి గోడ వెనక తోటలోకి తీసుకెళ్లి, చూసి వేయమన్నాను. చూస్తే చిరగని ఆకు ఒక్కటీ లేదు. గాలికి చీలికలు చీలికలై వేలాడుతున్నాయి. లేత ఆకు ఇంకా విచ్చుకోక చుట్టలా నిటారుగా ఉంది. ఓ పిల్లాడు రబ్బరుతో మొత్తం చెరిపేసి మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఇంకొకడు "చీలిక అడ్డంగానే పోతుందేంటి సార్, నిలువుగా ఎందుకు పోదు?" అని అడిగాడు. ఈనెలు మధ్య కాడ నుంచి అంచు దాకా ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా ఉంటాయి, అందుకే ఆ దారినే చిరుగుతుందని వాళ్లంతట వాళ్లే కనిపెట్టారు. మర్నాడు సైన్సు మేడమ్ అదే ఆకు పట్టుకుని ఏకదళ బీజాల పాఠం చెప్పారు. వాళ్లు పుట్టినప్పటి నుంచి అరటితోటల మధ్యే ఉన్నారు, ఆ ఆకు ఆ రోజే చూశారు.

దీన్ని మార్కుల్లో ఎలా చెప్పాలో నాకు రాదు.

సాంపిల్‌సైజ్ | 8:05

కుంచె గారూ, మీరు చెప్పినదాని మీద హార్వర్డ్‌లో ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లాండ్ అనే ఇద్దరు చాలా పని చేశారు. 2000లో వాళ్లు కళావిద్య మీద అప్పటిదాకా వచ్చిన 188 అధ్యయనాలు పోగేసి, కళల వల్ల చదువు మెరుగవుతుందనడానికి గట్టి సాక్ష్యం ఎక్కడుందో వెతికారు. చాలాచోట్ల లేదు. బొమ్మలు నేర్చుకుంటే లెక్కలు వస్తాయనడానికి లేదు. గట్టిగా కనబడిన వాటిలో మనకి పనికొచ్చేది నాటకం. క్లాసులో కథని వేషాలు కట్టి ఆడిస్తే పిల్లల మాట, కథ అర్థం చేసుకోవడం, చదవడానికి సిద్ధపడడం మెరుగవుతాయి. సంగీతానికీ, ఆకారాల్ని మనసులో తిప్పి చూసే నేర్పుకీ కూడా కొంత సంబంధం కనబడింది.

కళావిద్య కోసం పోరాడేవాళ్లు వాళ్ల మీద మండిపడ్డారు. మా నోటి దగ్గర కూడు తీసేస్తున్నారు అన్నట్టు. వాళ్ల జవాబు నాకు నచ్చింది. లెక్కల కోసమే డ్రాయింగ్ అంటే, లెక్కల పీరియడ్ ఇంకొకటి పెడితే సరిపోతుంది కదా, డ్రాయింగ్ ఎందుకు? అంటే ఆ వాదన మన చేత్తో మనమే డ్రాయింగ్‌ని తీసేయించడమే. తర్వాత వాళ్లు బొమ్మల క్లాసుల్లో కూర్చుని, అక్కడ నిజంగా ఏం నేర్పుతున్నారో గమనించారు. జాగ్రత్తగా చూడడం, పని మధ్యలో వదలకపోవడం, ఊహించడం, తన పని తానే విమర్శించుకోవడం. రబ్బరుతో చెరిపి మళ్లీ మొదలుపెట్టిన మీ పిల్లాడు అక్కడ ఉన్నాడు.

లెక్కలసారు | 8:22

అయితే లెక్కలు పెరగవని మీరే అంటున్నారు. నేను అన్నదీ అదే.

హ్యూస్టన్‌నుంచి | 8:40

ఇక్కడ రాత్రయింది, అయినా పేరు తలచుకున్నారు కాబట్టి రాయక తప్పదు :) తోలుబొమ్మ గారూ, మా ఊరి కాగితం ఒకటి నిజంగానే ఉంది. కాస్త ఓపికగా చదవండి.

హ్యూస్టన్‌లో ప్రభుత్వ బడుల్లో కళలు బాగా తగ్గిపోయాయని నగరంలోని సంగీత, నాటక, చిత్రకళా సంస్థలు, బడులు కలిసి ఓ కార్యక్రమం పెట్టాయి. కళాకారులు బడికి వచ్చి కొన్నాళ్లు నేర్పడం, ప్రదర్శనలు, మ్యూజియానికి తీసుకెళ్లడం, బడి అయ్యాక క్లాసులు. చేరతామన్న బడులు ఎక్కువ, డబ్బు తక్కువ. దాంతో లాటరీ వేశారు. పరిశోధకులకి కావలసింది అదే. డేనియల్ బోవెన్, బ్రయన్ కిసిడా 42 బడుల్లో, మూడు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు 10,548 మందిని పరిశీలించి 2019లో ఫలితాలు ఇచ్చారు.

లాటరీ తగిలిన బడుల్లో క్రమశిక్షణ చర్యల దాకా వెళ్లిన పిల్లలు 3.6 శాతం పాయింట్లు తగ్గారు. రాత పరీక్షలో, అంటే సొంతంగా వ్యాసం రాసే పరీక్షలో, స్కోరు 0.13 ప్రామాణిక విచలనం పెరిగింది. తోటివాళ్ల బాధ పట్టించుకోవడం కూడా కొంచెం పెరిగింది, 0.08. లెక్కల మార్కులు పెరిగాయని వాళ్లు చెప్పలేదు.

అరటితోట | 9:15

ఆ 0.13 అంటే ఏంటండీ? కమిటీలో చదివితే నాతో సహా ఎవరికీ అర్థం కాదు.

సాంపిల్‌సైజ్ | 9:26

వందమందిని రాతలో వరసగా నిలబెట్టారనుకోండి. సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లాడు ఐదుగురిని దాటి ముందుకు జరిగాడు. అంతే. పెద్దదేం కాదు, తీసిపారేసేదీ కాదు. 3.6 అంటే ప్రతి వందమందిలో ముగ్గురో నలుగురో హెచ్‌ఎం గది దాకా వెళ్లే పని తప్పింది. వినతిపత్రంలో ఇలాగే రాయండి, విచలనం గిచలనం వద్దు.

లాటరీ పద్ధతిలోనే ఇంకొకటి ఉంది, టొరంటోలో షెలెన్‌బర్గ్ 2004లో చేసింది. ఆరేళ్ల పిల్లలు 144 మంది. కొందరికి కీబోర్డ్, కొందరికి గాత్రం, కొందరికి నాటకం, కొందరికి ఏమీ లేదు. ఏడాది తిరిగేసరికి సంగీతం వాళ్ల ఐక్యూ సుమారు 7 పాయింట్లు పెరిగింది. వాట్సాప్‌లో ఇక్కడితో ఆపేస్తారు. మిగతావాళ్లకి కూడా 4.3 పెరిగింది! ఆ ఏడాదే అందరూ ఒకటో తరగతిలో చేరారు మరి. బడికి వెళ్తే ఎవరికైనా పెరుగుతుంది. సంగీతానికి దక్కేది ఆ మిగిలిన మూడు పాయింట్లలోపు తేడా. నాటకం వాళ్లకి ఐక్యూ ప్రత్యేకంగా పెరగలేదు గానీ నలుగురితో మెలిగే తీరు మెరుగైంది. 2020లో సాలా, గోబే అనే ఇద్దరు ఇలాంటివి 54 అధ్యయనాలు కలిపి చూస్తే, పకడ్బందీగా చేసిన ప్రయోగాల్లో సంగీతం వల్ల తెలివి, మార్కులు పెరగడం దాదాపు సున్నా. కాబట్టి ఐక్యూ మాటే ఎత్తకండి. రేపు ఎవరైనా ఈ 2020 కాగితం తెచ్చి ముందు పెడితే మీ దగ్గర జవాబు ఉండదు.

లెక్కలసారు | 9:41

ఒకటి ఒప్పుకోవాలి. మా బళ్లో పిల్లలు ఫెయిలయ్యేది లెక్కల్లో అనుకుంటారు గానీ, సగం మందికి ప్రశ్న చదివితే అర్థం కాదు. "ఒక వర్తకుడు" అనగానే ఆగిపోతారు. రాత, చదువు మెరుగయ్యే పని ఏదైనా నాకూ లాభమే. నాటకం సంగతి తెలుగు టీచర్లకి చెప్పండి, నా పీరియడ్ జోలికి మాత్రం రాకండి.

మియాపూర్_అమ్మ | 10:02

నాకో సందేహం. మావాడిది సీబీఎస్‌ఈ. 2019లో ఒకటి నుంచి పన్నెండు దాకా కళావిద్య తప్పనిసరి, వారానికి కనీసం రెండు పీరియడ్లు అని బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. తర్వాత ఆర్ట్ ఇంటిగ్రేటెడ్ ప్రాజెక్టులు కూడా వచ్చాయి. జరుగుతున్నదేంటంటే, రాత్రి తొమ్మిదింటికి "అమ్మా రేపు సబ్మిషన్" అంటాడు. వీధి చివర ఫ్యాన్సీ షాపుకి పరుగెత్తి థర్మాకోల్, గ్లిట్టర్ షీట్లు తెచ్చి, మా ఆయనా నేనూ కూర్చుని చార్మినార్ కట్టాం. వాడు నిద్రపోయాడు. ఏ ప్లస్ వచ్చింది. మా ఆయనకి. కాగితం మీద రూలు ఉంటే సరిపోదని చెప్తున్నా.

విశ్రాంత_హెచ్‌ఎం | మధ్యాహ్నం 1:30

నేను తూర్పుగోదావరిలోనే హెచ్‌ఎంగా రిటైరయ్యాను. అమ్మా అరటితోటా, మీరు పరిశోధనతో మొదలుపెడుతున్నారు. ఆఫీసులో ఫైలు కదిలేది పరిశోధనతో కాదు, రూలుతో. మొదటి పేరా చట్టం కావాలి, రెండో పేరాలో పరిశోధన పెట్టుకోండి.

విద్యాహక్కు చట్టం 2009 వెనకాల ఒక షెడ్యూలు ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకి సంబంధించిన భాగంలో, పిల్లల సంఖ్య వంద దాటితే కళావిద్యకి, ఆరోగ్య వ్యాయామ విద్యకి, పని విద్యకి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలని ఉంది. దయతో ఇచ్చేది కాదు, చట్టంలో ఉన్నది. మీ బళ్లో ఆ మూడు తరగతుల్లో ఎంతమంది ఉన్నారో అడ్మిషన్ రిజిస్టర్ చూసి అంకె వేయండి. అదే చట్టం సెక్షన్ 22 ప్రకారం పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాల్సింది మీ కమిటీయే. అందులో ఈ ఖాళీ ఎక్కించారా? ఎక్కించకపోతే ముందు అది చేయండి. ప్రణాళికలో లేని అవసరాన్ని పైవాళ్లు అవసరంగా చూడరు.

సీబీఎస్‌ఈ సర్క్యులర్ మన జడ్పీ బడులకి వర్తించదు, దాన్ని ఉదాహరించకండి. 2020 జాతీయ విద్యావిధానం పాఠ్యాంశాలకీ సహపాఠ్యాంశాలకీ మధ్య గట్టి గీతలు వద్దంది. 2023లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళావిద్యని మిగతా సబ్జెక్టులతో పాటు ఒక బోధనాంశంగానే పెట్టింది. ఈ రెండూ ఒక్కో వాక్యం చాలు. మన రాష్ట్రంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం (సీసీఈ) వచ్చినప్పటి నుంచి కళలు, సాంస్కృతిక విద్యకి గ్రేడు వేయాల్సిందే కదా. పీరియడ్ లేకుండా ఆ గ్రేడు ఎలా వేస్తున్నారు? ఈ ప్రశ్న రాతలో వద్దు. మీటింగ్‌లో నోటితో, మెల్లగా అడగండి. హెచ్‌ఎం గారు మీ మనిషే, ఆయన్ని ఇరకాటంలో పెట్టకండి.

తోలుబొమ్మ గారి మాటకి. కళ కళ కోసమే అని నాకూ అనిపిస్తుంది. కానీ ఆ వాక్యం మీద ఏ అధికారీ సంతకం పెట్టడు నాయనా.

తోలుబొమ్మ | 1:52

పెట్టడని తెలుసు సార్. అయినా ఆ వాక్యం ఒకటి ఉండాలంటాను.

హ్యూస్టన్‌నుంచి | సాయంత్రం 6:10

ఇంకొకటి గుర్తొచ్చింది. ఇక్కడే అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలో బెంటన్‌విల్ అని చిన్న ఊరు. వాల్‌మార్ట్ హెడ్డాఫీసు అక్కడే, మనవాళ్లు చాలామంది ఉంటారు. 2011లో అక్కడ క్రిస్టల్ బ్రిడ్జెస్ అని పెద్ద చిత్రకళా మ్యూజియం తెరిచారు. పిల్లల్ని ఉచితంగా తీసుకొస్తామంటే బడులన్నీ ఎగబడ్డాయి, మళ్లీ లాటరీయే. 123 బడులు, పదివేల పైచిలుకు పిల్లలు. వెళ్లొచ్చిన కొన్ని వారాల తర్వాత ఇంతకుముందు చూడని బొమ్మ ఒకటి ఇచ్చి, ఇందులో ఏం జరుగుతోంది, ఎందుకు అలా అనుకుంటున్నావు అని రాయించారు. వెళ్లొచ్చిన పిల్లలు బొమ్మలో ఎక్కువ విషయాలు పట్టుకుని, కారణాలు చూపించి రాశారు. అసలు విశేషం, పల్లె బడుల పిల్లలకి లాభం మిగతావాళ్లకంటే ఎక్కువ. ఒక్కసారి వెళ్లొస్తేనే.

విశ్రాంత_హెచ్‌ఎం | 6:45

ఇది బాగుంది. రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఆయన 1925లో, ముప్పై ఏళ్లు కూడా నిండకుండా పోయారు. ఆ వయసులో వేసిన బొమ్మలు అక్కడ గోడల మీద ఉన్నాయి. రావులపాలెం మీదుగా వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచి లేకుండా బడి అని విద్యావిధానంలో ఉంది కదా, అందులో ఒక రోజు దీనికి అడగండి. ఇన్‌స్ట్రక్టర్ రావడం మన చేతుల్లో లేదు, ఇది హెచ్‌ఎం చేతుల్లో పని.

కుంచె | 7:20

ఇప్పుడు జరిగేదేంటంటే, పిల్లల్ని లైన్లో నడిపించి, బయటికొచ్చాక గ్రూప్ ఫొటో తీసి, గ్రూపులో పెట్టేస్తారు. వెళ్తే ఒక్కో పిల్లాడు ఒక్క బొమ్మ ముందే కూర్చోవాలి. దాన్ని చూసి గీయనివ్వండి, లేదా దాని గురించి పది వాక్యాలు రాయనివ్వండి. గ్యాలరీ మొత్తం చూడకపోయినా ఫర్వాలేదు.

అరటితోట | శనివారం ఉదయం 7:05

అందరూ చెప్పినవి కలిపి రాత్రి మళ్లీ రాశాను. ముఖ్యమైన భాగం పెడుతున్నాను, చూడండి.

"మా పాఠశాలలో 6, 7, 8 తరగతుల్లో విద్యార్థుల సంఖ్య వందకు మించి ఉన్నది. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలు ప్రకారం కళావిద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. ఆ స్థానం ప్రస్తుతం ఖాళీగా ఉన్నది. దానిని భర్తీ చేయవలసిందిగా, అంతవరకు వారానికి ఒక పీరియడైనా కళావిద్యకు కేటాయించవలసిందిగా కోరుతున్నాము.

కళలు నేర్పితే లెక్కల మార్కులు పెరుగుతాయని మేము చెప్పడం లేదు. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో 42 బడుల్లో లాటరీ పద్ధతిలో జరిగిన అధ్యయనంలో (2019), కళలకు అవకాశం దొరికిన పిల్లలు సొంతంగా రాయడంలో మెరుగుపడ్డారు, క్రమశిక్షణ సమస్యలు తగ్గాయి. పాఠాన్ని నాటకంగా ఆడించడం వల్ల పిల్లల భాష మెరుగవుతుందని ఇంకొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. మన పిల్లలు వెనకబడి ఉన్నది ముఖ్యంగా చదవడంలో, రాయడంలో. చూడడం, గీయడం, పాడడం వారికి దానికదే అవసరమని కూడా తల్లిదండ్రులుగా మా అభిప్రాయం."

చివరి వాక్యం తోలుబొమ్మ గారి కోసం.

తోలుబొమ్మ | 7:18

చాలమ్మా. చాలు.

సాంపిల్‌సైజ్ | 7:40

చాలా మెరుగైంది. ఒక్కటి మార్చండి. "మెరుగుపడ్డారు" కాకుండా "కొంతమేర మెరుగుపడ్డారు" అనండి. ఐదుగురిని దాటిన లెక్క మీరు నోటితో చెప్పొచ్చు. హ్యూస్టన్ ఉన్న టెక్సాస్ వేరు, కోనసీమ వేరు అని ఎవరైనా అంటే కాదనకండి. నిజమే, వేరే. అందుకే మన బళ్లోనే చూద్దాం అనండి.

ఎలా చూడాలంటే, ఏడో తరగతి పిల్లలందరికీ ఇప్పుడే ఒక బొమ్మ ఇచ్చి, దాని గురించి అరపేజీ తెలుగులో రాయించండి. ఆ కాగితాలు దాచండి. సంవత్సరం చివర ఇంకో బొమ్మతో అదే చేయించండి. రెండు కట్టలూ పేర్లు, తేదీలు మడిచి, కలిపేసి, పక్క ఊరి తెలుగు టీచర్‌తో మార్కులు వేయించండి. ఏది ముందుదో ఏది తర్వాతదో ఆయనకి తెలియకూడదు. డ్రాయింగ్ లేని ఇంకో బడిలో కూడా ఇవే రెండు బొమ్మలతో రాయిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే ఏడాది గడిస్తే పిల్లలు ఎలాగూ కొంత పెరుగుతారు, టొరంటోలో చూశాం కదా. డ్రాయింగ్ ఉన్న రోజు హాజరు పెరిగిందని మాత్రం చూపించకండి. ఆ పీరియడ్ సోమవారం పడితే ఒకలా, శనివారం పడితే ఒకలా ఉంటుంది.

లెక్కలసారు | 8:10

ఆ పక్క బడి మాది పెట్టుకోవచ్చు. మా దగ్గర ఎలాగూ డ్రాయింగ్ లేదు. ఏడో తరగతి రెండు సెక్షన్లు, మా తెలుగు మేడమ్‌ని నేను ఒప్పిస్తాను. వచ్చే ఏడాది లెక్కల టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ఆఖరి పీరియడ్ ఒకటి వదిలే వీలుందేమో చూస్తాను. మాట ఇవ్వడం లేదు, చూస్తానంటున్నాను.

కుంచె | 8:25

ఆఖరి పీరియడ్ వద్దు సార్. బస్సు పిల్లలు ముందే వెళ్లిపోతారు. మధ్యాహ్న భోజనం తర్వాతది ఇవ్వండి, అప్పుడు మీ లెక్కలు కూడా ఎవరి బుర్రకీ ఎక్కవు.

లెక్కలసారు | 8:27

అదీ నిజమే.

విశ్రాంత_హెచ్‌ఎం | 9:00

అమ్మా, ఇచ్చే ముందు కమిటీ తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాయించి, సభ్యుల సంతకాలు పెట్టించి, దాని జిరాక్సు జతచేయండి. విడిగా నలుగురు తల్లులు ఇచ్చినట్టు ఉండకూడదు. వినతిపత్రం మూడు కాపీలు. ఒకటి ఎంఈఓ ఆఫీసుకి, ఒకటి హెచ్‌ఎం గారి ద్వారా జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయానికి, ఎందుకంటే ఇన్‌స్ట్రక్టర్ల సంగతి చూసేది వాళ్లు. మూడోదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. క్లర్కు "పెట్టి వెళ్లండమ్మా, సార్‌కి చూపిస్తాను" అంటాడు. ముద్ర పడేదాకా అక్కడే కూర్చోండి.